గుడ్డు పట్టేసింది

బుధవారం కొమురెల్లికి వారపు సెలవు. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. రెండు గుడ్లు, గుప్పెడు పాలకూర, సగం ఉల్లిగడ్డ, చిటికెడు మిరియాల పొడి. వీటిని పెనం మీద ఒకటి చేసి, తినేసి, పెనం కడిగి బోర్లించి, సాయంత్రం భార్య వచ్చాక ఏమీ ఎరగనట్టు ఆ సంగతి చెప్పాలి. పావుగంటకు మించి పట్టదు.

ఈ పావుగంట పని వెనక పన్నెండు రోజుల బాధ ఉంది. ఏఎస్ రావు నగర్‌లో డాక్టరు ఆయన రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, "షుగరు గడప దాక వచ్చింది, లోపలికి రానియ్యకు" అన్నాడు. ఆపైన పొద్దున పూట తినకూడని వాటి పేర్లు చదివాడు. ఇడ్లీ, దోశ, పూరీ, ఉప్మా, బోండా. ఒక్కో పేరు వింటుంటే కొమురెల్లికి చిన్నప్పటి దోస్తులను ఒక్కొక్కరినీ ఊరవతలికి పంపుతున్నట్టనిపించింది.

"మరి తినేదేంది సార్?"

"గుడ్లు తిను. ఆకుకూర తిను. అన్నం, పిండి దగ్గరికి రానియ్యకు."

అప్పటి నుంచి భార్య ఉమారాణి రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు రెండు గుడ్లు ఉడకబెట్టి, గిన్నెలో వేసి మూతపెట్టి పోతోంది. వాళ్ళుండే నాచారంలోనే ఒక బట్టల ఫ్యాక్టరీలో ఆమె సూపర్‌వైజరు. ఆరున్నరకల్లా గేటు దగ్గరుండాలి. కొమురెల్లి ఉప్పల్లో ఒక పైపుల గోదాములో స్టోరు ఇన్‌చార్జి. ఆయన తీరిగ్గా లేచి, ఒంటరిగా కూర్చుని ఆ గుడ్లు తినేవాడు. పన్నెండో రోజుకు ఓపిక చచ్చిపోయింది.

"ఉమా, ఆ ఉడకబెట్టిన గుడ్డు నా దిక్కే సూస్తున్నట్టున్నదే. తినబుద్ధయితలేదు" అన్నాడు మంగళవారం సాయంత్రం.

"అయితే నువ్వే ఏదన్న చేస్కో."

"చేస్కుంట. ఆమ్లెట్ చేస్కుంట. అదేమన్న రాకెట్టా?"

ఉమారాణి చాయ్ తాగుతోంది. మింగబోయిన గుటక ముక్కులోకి పోయింది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నువ్వా? గ్యాసు ఎటు తిప్పాలెనో ఎరుకనా నీకు?" అంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, గోదాములో పద్నాలుగు వందల రకాల పైపులకు లెక్కచెప్పే మనిషి, ఆ నవ్వుకు లోపల్లోపల చిన్నబోయాడు. అప్పుడే అనుకున్నాడు, రేపు చేసి చూపించాలని.

బుధవారం ఎనిమిదింటికి వంటింట్లో నిలబడ్డాడు. ఫోన్లో ఒకావిడ చేసి చూపించే వీడియో మూడుసార్లు చూశాడు. గ్యాసు సరైన వైపే తిప్పాడు. అంతవరకు గెలిచినట్టే. గుడ్లు కొట్టి, పాలకూర తరిగి, అన్నీ కలిపాడు. మొదటిది చెడిపోతుందేమో అని ముందుచూపుతో ఇంకో రెండు గుడ్లు వేరే గిన్నెలో గిలక్కొట్టి పక్కన పెట్టుకున్నాడు. ఆ తరువాత పెనం మీద గుడ్డు పోసి, దాని మీద చెంచాడు నూనె వేశాడు. వీడియోలో ఆవిడ నూనె ముందు వేసింది. ఏది ముందు వేస్తే ఏమిటి, రెండూ పెనం మీదికే కదా అని ఆయన ఉద్దేశం. ఆకలి మీదున్నాడేమో, మంట కూడా పూర్తిగా పెంచాడు.

రెండు నిమిషాలకు పొగ మొదలైంది. గరిటె పెట్టి తోస్తే గుడ్డు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోస్తే పెనమే కదిలింది. కిటికీలోని పంకా వేశాడు. అది మరమ్మత్తుకొచ్చిన ట్రాక్టరులా మోతపెట్టింది గానీ పొగ పోలేదు. కండువా ముక్కుకూ మూతికీ కలిపి కట్టుకున్నాడు. ఉమారాణికి ఫోను చేద్దామంటే ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. చేయగలిగినా చేయడు, అది వేరే సంగతి. మిగిలింది అంబర్‌పేటలో ఉండే లక్ష్మీనర్సమ్మ. తల్లి పోయాక కొమురెల్లిని పెంచింది ఆ అక్కే. మోకాలు చెక్కుకున్ననాటి నుంచి ఆయనకు ఏ కష్టమొచ్చినా ముందు నోట్లోంచి వచ్చే మాట 'అక్కా' అనే.

లక్ష్మీనర్సమ్మకు అరవై మూడేళ్ళు. కుడిచేత్తో ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది కాబట్టి ఫోను ఎడమ చెవికి పెట్టుకోవడం అలవాటు. ఆమెకు సరిగ్గా వినపడనిది ఆ ఎడమ చెవే.

"అక్కా... గుడ్డు పట్టేసిందే..." అన్నాడు కొమురెల్లి కండువాలోంచి, దగ్గుతూ.

"ఏంది తమ్మీ? ఏం పట్టేసింది?"

"గుడ్డే! గట్టిగ పట్టేసింది. కదుల్తలేదు."

అవతల చేతిలో గిన్నె కింద పడ్డ చప్పుడు వినిపించింది.

"ఎప్పటిసంది?"

"పది నిమిషాలైతున్నది. ముందుగాల్ల మంచిగనే ఉండె. మంట ఎక్కువైనట్టున్నది."

"మంటనా! మంట యాడున్నది బిడ్డా?"

"కింద. కింద మస్తు మంటున్నది. పైన ఏం లేదు, సల్లగనే ఉన్నది."

"చెమటలు వడుతున్నయా?"

"పట్టవా మరి! బనీను తడిసిపోయింది. ఊపిరి గూడ ఆడ్తలేదక్కా."

"అయ్యో నా కొడకా! ఉమారాణి యాడున్నది? దానికి చెప్పినవా?"

"ఉమకు చెప్పకు!" కొమురెల్లి కంగారుపడ్డాడు. "అది ఇన్నదంటే నవ్వుతది."

"నవ్వుతదా?"

"నిన్న గూడ గట్లనే నవ్విందక్కా. కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వింది. సరే గని, ఇప్పుడేం జెయ్యాలె చెప్పు. చెంచతోని గీకాల్నా?"

పంకా మోతలో అక్కకు వినపడింది చెంచా ఒక్కటే. "ఆ, చెంచతోని నీళ్ళు వోస్కో! కొంచెం కొంచెం వోస్కో. కదలకు తమ్మీ, నేనొస్తున్న!"

చివరి మాట కొమురెల్లికి వినపడలేదు. నీళ్ళ మాట వినపడింది. పెద్దావిడ, ఎంతో అనుభవం ఉన్నది, చెప్పిందంటే పనిచేస్తుంది. అయితే చెంచాతో కొంచెం కొంచెం పోసేంత తీరిక ఆయనకెక్కడిది? చెంబెడు నీళ్ళు ఒక్కసారే పోశాడు. పెనం 'చుయ్యి'మని లేచింది. ఆవిరితో పాటు నూనె మంట కూడా మొహాన కొట్టింది. "అమ్మా!" అని ఎగిరి వెనక్కి దూకాడు. చేతిలో ఫోను గాల్లో ఒక పల్టీ కొట్టి, ముందుచూపుతో గిలక్కొట్టి పెట్టుకున్న రెండో గిన్నెలో సరిగ్గా మధ్యలో మునిగింది.

ఆ 'చుయ్యి', ఆ 'అమ్మా', ఆ తరువాతి నిశ్శబ్దం, ఈ మూడూ కలిసి అంబర్‌పేటలో ఏం చేశాయో కొమురెల్లికి తెలియదు. తెలిసుంటే ఇల్లు కదిలేవాడు కాదు. ఆయన గ్యాసు కట్టేశాడు. పాలకూర అంటుకున్న ఫోనును బయటికి తీసి, తుడిచి, నొక్కి చూశాడు. అది కన్ను తెరవలేదు. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టాలని ఎక్కడో విన్నాడు. తనకు పనికిరాని బియ్యం కనీసం ఫోనుకైనా పనికొస్తాయని డబ్బా మూత తీసి అందులో పాతిపెట్టాడు. పెనం మీద అరచేతంత నల్లటి బిళ్ళ ఒకటి మిగిలింది. ఇంట్లో గుడ్లయిపోయాయి. పట్టుదల మాత్రం అలాగే ఉంది. కిటికీ తెరిచి, పొగ పోనిచ్చి, తలుపు లాగి బయలుదేరాడు. ఆ తలుపుకు లాగితే తనంతట తానే పడే తాళం ఉంది. బయట నుంచి చూస్తే లోపల గడియ వేసుకున్నట్టే ఉంటుంది.

గల్లీ చివరి దుకాణంలో గుడ్లు లేవు. మెయిన్ రోడ్డు దాకా నడిచాడు. అక్కడ సుబ్బులు గుడ్ల దుకాణంలో విడిగా ఇవ్వరట, ట్రే మొత్తం తీసుకోవాలట. సరేనని ముప్ఫై గుడ్ల ట్రే కట్టించుకున్నాడు. కట్టిస్తూ, చుట్టుపక్కల ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, గుడ్డు పెనానికి పట్టకుంట ఎట్ల జేస్తరు?"

సుబ్బులు ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన కనుబొమలు కొద్దిగా కాలి ఉన్నాయి. విషయం అర్థమైంది. "అన్నా, ముందుగాల పెనం కాలాలె. నీళ్ళ చుక్కేస్తే దుంకాలె. అప్పుడు నూనె. నూనెను పెనమంత తిప్పు. అప్పుడు మంట తగ్గియ్యి. అటెన్క గుడ్డు పొయ్యి. పోసినంక దాని జోలికి పోకు. అయినంక అదే అంచులు లేపి చెప్తది."

"అదే చెప్తదా?"

"చెప్తది. నువ్వు తొందరపడకుంటే చెప్తది. ఏది, ఒకసారి అప్పజెప్పు."

కొమురెల్లి అప్పజెప్పాడు. నూనె దగ్గర తప్పాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది. అదయ్యేసరికి అరగంట దాటింది.

తిరిగొచ్చేసరికి గల్లీ మొదట్లో ఒక నీళ్ళ ట్యాంకరు అడ్డంగా నిలబడి ఉంది. దాని వెనక అంబులెన్సు కూతపెడుతోంది. ట్యాంకరు డ్రైవరు వెనక్కి తీయబోతే వెనక గోడ, ముందుకు పోతే కరెంటు స్తంభం. అంబులెన్సు లోంచి ఇద్దరు దిగి స్ట్రెచరు బయటికి లాగారు. వాళ్ళలో పెద్దాయన కొమురెల్లిని చూశాడు.

"అన్నా, జర చెయ్యేస్తవా? మా వాడి భుజం నొస్తుంది. గుండెపోటు కేసు, మూడో అంతస్తంట."

"అయ్యో, పట్టు పట్టు" అన్నాడు కొమురెల్లి. ఎవరికైనా కష్టమంటే ఆగే మనిషి కాదు. గుడ్ల ట్రే ఎక్కడ పెట్టాలో తోచక స్ట్రెచరు మీదే పెట్టాడు. పెద్దాయన రోగికి బిగించే బెల్టు తీసి ట్రే చుట్టూ బిగించాడు. ముగ్గురూ పరుగందుకున్నారు. దారిలో జనం పక్కకు జరిగి దండం పెట్టబోయి, స్ట్రెచరు మీద గుడ్లు చూసి ఆగిపోయారు.

"ఎవరిల్లు?" అడిగాడు కొమురెల్లి రొప్పుతూ.

"కౌసల్యమ్మ గారి బిల్డింగంట."

అది ఆయనుండే ఇల్లే. మూడో అంతస్తులో ఉన్నవి రెండే పోర్షన్లు. ఒకటి తనది, ఇంకొకటి రిటైరైన గిరిప్రసాద్ సారుది. కొమురెల్లి గుండె కలుక్కుమంది. "పాపం గిరిప్రసాద్ సార్! మొన్ననే చెప్పిన, ఆ వయసుల గ్యాస్ బండ మొయ్యొద్దని" అనుకుంటూ రెండింతల బలంతో మెట్లెక్కాడు. రెండో అంతస్తు మలుపులో గిరిప్రసాద్ సారే ఎదురొచ్చాడు. కంగారులో కళ్ళద్దాలు మరిచినట్టున్నాడు.

"జల్ది పొండి బాబూ, జల్ది పొండి" అన్నాడు కొమురెల్లి భుజం తడుతూ. "చాలా మంచి మనిషి."

ఈయన బాగానే ఉన్నాడే, మరి ఎవరు? ఆ ప్రశ్నకు సమాధానం దొరికేలోగా కొమురెల్లి తన తలుపు ముందే ఉన్నాడు. తలుపు సందుల్లోంచి మాడు వాసన వస్తోంది. కింది అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తేజేష్ నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, భుజం ముందుకు పెట్టి, తలుపు మీదికి దూకబోతున్నాడు. ఇంటి ఓనరు కౌసల్యమ్మ రెండు చేతులూ చాపి తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది.

"టేకు తలుపు! పగలగొట్టినవంటే ఊకోను!"

"ఆంటీ, లోపల మనిషి చచ్చిపోతుండు!"

"మనిషిని దవాఖానకన్న తీస్కపోవచ్చు. టేకు ఏడ దొరుకుతది బాబూ ఇప్పుడు?"

కొమురెల్లికి ఒక్కసారిగా తట్టింది. ఉమారాణి! ఒంట్లో బాగాలేక మధ్యలోనే ఇంటికొచ్చి ఉంటుంది. తాను ఇంట్లో లేడు. ఫోను బియ్యంలో ఉంది. "జరుగున్రి! తాళంచెవి నా దగ్గరున్నది!" అని అరిచి, తలుపు తీశాడు. తీసిన మనిషి ఎవరని ఎవరూ చూడలేదు. అందరూ ఆయన్ని తోసుకుని లోపలికి పరిగెత్తారు. తేజేష్ బాత్రూం వైపు, అంబులెన్సు వాళ్ళు పడకగది వైపు, కౌసల్యమ్మ వంగి మంచం కిందికి. కొమురెల్లి కూడా "ఉమా! ఉమా!" అంటూ బట్టల బీరువా దాకా తెరిచి చూశాడు.

"అంకుల్ బాత్రూంల లేరు!" తేజేష్ బయటికొచ్చి అరిచాడు.

"ఏ అంకుల్?" అన్నాడు కొమురెల్లి.

"కొమురెల్లి అంకుల్."

"ఆయనకేమైంది?"

"హార్ట్ ఎటాక్ అంట. వాళ్ళ అక్క ఓనర్ ఆంటీకి ఫోన్ చేసి చెప్పింది."

"అయ్యో!" అన్నాడు కొమురెల్లి, నిజంగానే బాధపడుతూ. తేజేష్ కూడా తల ఊపాడు. ఆ తరువాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నేనే గదా కొమురెల్లి!"

తేజేష్ ఆఫీసులో పోయిన నెలే ప్రథమ చికిత్స శిక్షణ అయింది. బొమ్మ ఛాతీ మీద ముప్ఫైసార్లు నొక్కి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. నిజం మనిషి దొరకలేదన్న లోటు ఒక్కటే ఉంది. "అంకుల్, మీరు మాట్లాడకున్రి. పడుకోండి!" అని ఆయన్ని సోఫా మీదికి తోశాడు.

"నాకేం కాలేదు తేజేషూ!"

"సైలెంట్ ఎటాక్ల గట్లనే అనిపిస్తది అంకుల్. వచ్చినోళ్ళకే తెల్వది."

"తెల్వకుంట ఎట్లొస్తది బాబూ?"

అంబులెన్సు పెద్దాయన బీపీ పట్టీ చుట్టి చూశాడు. నూట ఎనభై. "సూసినవా అన్నా!" అన్నాడు గంభీరంగా.

"మూడంతస్తులు స్ట్రెచరు మోసిన! నీతోనే మోసిన! గింత గూడ పెరగదా?"

పెద్దాయన ఆలోచనలో పడ్డాడు. ఆయన ఇరవయ్యేళ్ళ సర్వీసులో తన స్ట్రెచరు తానే మోసుకొచ్చిన రోగిని చూడలేదు. చేతిలో ఉన్న ఫారంలో ఏం రాయాలో తెలియక పెన్ను జేబులో పెట్టుకున్నాడు. తేజేష్ మాత్రం రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, కొమురెల్లి ఛాతీ వైపు ఆశగా చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడే మెట్ల మీద ఏడుపు వినిపించింది. ముందు ఏడుపు వచ్చింది, వెనక లక్ష్మీనర్సమ్మ వచ్చింది, ఆమె వెనక బావ బిక్షపతి రొట్టె ప్యాకెట్లు, అరటిపళ్ళు, గ్లూకోజు డబ్బా పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఆటో ఆగిపోతే దిగి, అరకిలోమీటరు పరిగెత్తి ఇంకో ఆటో ఎక్కారట. అలా పరిగెత్తే మధ్యలోనే బావ రొట్టెలు కొన్నాడు. రోగిని చూడటానికి ఒట్టి చేతులతో పోవడం ఆయనకు తెలియదు.

"తమ్మీ! బతికున్నవా తమ్మీ!" అక్క వచ్చి ఆయన మీద పడింది. తేజేష్‌కు అందకుండా ఛాతీ అంతా ఆమే ఆక్రమించింది.

"అక్కా, నాకేం..."

"ఏం మాట్లాడకు! ఏదీ నీ పెండ్లాం? ఏదీ అది?"

అది వాకిట్లోనే ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉమారాణి ఫోను పదకొండుసార్లు మోగితే గేటు మనిషి ఎత్తాడు. అక్క ఆయనకు చెప్పింది. ఆయన లోపలికెళ్ళి, 'మీ సారు గుండె ఆగిపోయిందంటమ్మా' అన్నాడు. ఉమారాణి కొలతల టేపు మెడలో అలాగే వేసుకుని, చెప్పులు లేకుండా ఫ్యాక్టరీ వ్యానెక్కింది. తోడుగా ఇద్దరు ఆడవాళ్ళు, డ్రైవరు వచ్చారు. వాళ్ళ చేతుల్లో కూడా రొట్టె ప్యాకెట్లున్నాయి.

"రావే రా! నవ్వుతవంట గదా! మొగని గుండె పట్టేస్తే నవ్వుతవంట గదా!" లక్ష్మీనర్సమ్మ లేచి నిలబడింది. "నిన్న గూడ కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వినవంట!"

ఉమారాణి సోఫాలో కూర్చున్న భర్తను చూసింది, అంబులెన్సు వాళ్ళను చూసింది, వాళ్ళ పక్కన స్ట్రెచరు మీద బెల్టు బిగించిన గుడ్ల ట్రేను చూసింది. "వదినె, నేనెందుకు నవ్వుతనే? నిన్న నవ్వింది ఆమ్లెట్ చేస్తనంటే..."

"గుండె కాదక్కా!" కొమురెల్లి ఇక ఆగలేక సోఫా మీదికెక్కి నిలబడి అరిచాడు. "గుడ్డు! గుడ్డు పట్టేసిందన్న! పెనానికి!"

కౌసల్యమ్మ వంటింట్లోకి వెళ్ళి పెనం తెచ్చి అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది. నల్లటి బిళ్ళ పెనానికే అంటి ఉంది. తలకిందులు చేసి చూపించింది. రాలలేదు.

"గుడ్డా?" అంది లక్ష్మీనర్సమ్మ, ఈసారి కుడిచెవి ముందుకు పెట్టి.

"గుడ్డే."

"మంట?"

"పొయ్యి మంట."

"మరి అమ్మా అని సచ్చిపోయినట్టు మొత్తుకున్నవ్?"

"నీళ్ళు వొయ్యమంటివి గదక్కా, పోసిన."

అందరి చూపూ ఉమారాణి వైపు తిరిగింది. ఆమె పెనాన్ని చూసింది. కొమురెల్లి కాలిన కనుబొమలను చూసింది. పెదవులు బిగపట్టింది. భుజాలు కదిలాయి. ఇక ఆగలేదు. కింద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టి నవ్వింది. అక్క వైపు చూసి, 'చెప్పలే?' అన్నట్టు కొమురెల్లి చెయ్యి తిప్పాడు. అయితే ఆ నవ్వు ఎంతకూ ఆగలేదు, మధ్యలో దాని చప్పుడు మారింది. కొమురెల్లి సోఫా దిగి దగ్గరికెళ్ళేసరికి ఉమారాణి ఏడుస్తోంది.

"పొద్దుగాల పోయేటప్పుడు నిన్ను లేపి చెప్పనన్న చెప్పలే" అంది ముక్కు చీదుతూ. "వ్యాన్‌ల కూసున్నంతసేపు గదే యాదికొచ్చింది."

కొమురెల్లి ఆమె మెడలోని టేపు చివర పట్టుకుని ఊరికే చుట్టాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ గోడల వైపు, కాలెండరు వైపు చూశారు. తేజేష్ చేతులు మెల్లగా కిందికి దించాడు.

"అయితే ఇప్పుడేం జేద్దాం?" అన్నాడు బావ బిక్షపతి చివరికి. ఆయన ప్రశ్న గుండెల గురించి కాదని అందరికీ అర్థమైంది. తొమ్మిదిన్నర దాటింది. ఆ ఇంట్లో ఉన్న ఒక్కరు కూడా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

ఉమారాణి లేవబోయింది. కొమురెల్లి భుజం పట్టి కూర్చోబెట్టాడు. "నువ్వుండు. నేను జేస్త" అన్నాడు. లోపలి నుంచి ఇంకో పెనం తీసి పొయ్యి మీద పెట్టాడు. నీళ్ళ చుక్క వేశాడు, అది దుమికింది. నూనె వేసి పెనమంతా తిప్పాడు. మంట తగ్గించాడు. స్ట్రెచరు మీద పరుగులో ఆరు గుడ్లు పగిలాయి, ఇరవై నాలుగు మిగిలాయి. రెండు కొట్టి, ఉల్లిగడ్డ, పాలకూర కలిపి పోశాడు. పోసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తోయాలని చెయ్యి ఎంత లాగినా తోయలేదు. గుమ్మంలో నిలబడి పదకొండు మంది ఊపిరి బిగపట్టి చూశారు. కాసేపటికి గుడ్డు అంచులు తమంతట తామే లేచాయి. గరిటె కిందికి పోనిచ్చి తిప్పితే పెనాన్ని వదిలేసి గుండ్రంగా, బంగారు రంగులో తిరగబడింది.

"అబ్బా!" అన్నది లక్ష్మీనర్సమ్మ. జీవితంలో తమ్ముడు సాధించిన వాటిలో ఆమె అంత గట్టిగా మెచ్చుకున్నది అదొక్కటే.

మొదటిది అక్కకు పెట్టాడు. రెండోది బావకు. తరువాత ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు, డ్రైవరుకు, అంబులెన్సు ఇద్దరికి, కౌసల్యమ్మకు, కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చిన గిరిప్రసాద్ సారుకు, తేజేష్‌కు. తేజేష్ తింటూ, "అంకుల్, దీంట్ల కార్బ్స్ అస్సలు లేవు, సూపర్" అన్నాడు. ఉమారాణి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, పళ్ళెం ఖాళీ చేసి, మళ్ళీ చాపింది. పెనం ఇంకా వేడిగానే ఉన్నా కొమురెల్లి ఆమెకు ఇంకో ముక్క పెట్టలేకపోయాడు, ఎందుకంటే మిగిలినవి రెండే గుడ్లు. అవి తనకు.

వాటిని పోసి, అంచులు లేచేదాకా ఆగి, పళ్ళెంలోకి తీసుకుంటుండగా గుమ్మంలో ట్యాంకరు డ్రైవరు నిలబడ్డాడు. పాపం చెమటతో తడిసి ఉన్నాడు. "అన్నా, నా బండి వల్ల ఆలస్యమైంది. పేషంటుకు ఎట్లున్నది? పొద్దుగాల్నుంచి మెతుకు ముట్టలే నేను, ఫికరైతున్నది" అన్నాడు. కొమురెల్లి పళ్ళెం వైపు చూశాడు. డ్రైవరు వైపు చూశాడు. పళ్ళెం ఆయన చేతిలో పెట్టాడు.

"మరి నువ్వేం తింటవ్ తమ్మీ?" లక్ష్మీనర్సమ్మ అప్పుడు గమనించింది. "సూడు మొగమెట్ల గుంజుకపోయిందో! కూసో."

రొట్టె ప్యాకెట్లు మొత్తం ఏడు పోగయ్యాయి. ఆమె ఒకటి విప్పి, గిన్నెలో పాలు పోసి, వద్దు వద్దంటున్నా మూడు చెంచాల చక్కెర వేసి, రొట్టె ముక్క ముంచి నోటి దగ్గర పెట్టింది. "అక్కా, నాకు షుగరు..." అన్నాడు కొమురెల్లి. "సరిపోలేదా? ఇంకో చెంచ ఏస్త" అంది అక్క, ఎడమ చెవితో విని. ఉమారాణి ఆపడానికి చెయ్యెత్తింది గానీ నోటి నిండా ఆమ్లెట్ ఉంది. చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడల్లా తినిపించిన చెయ్యి అది. కొమురెల్లి నోరు తెరిచాడు.

ఆ ఉదయం ఆ ఇంట్లో పన్నెండు మంది షుగరు పథ్యం చేశారు, షుగరున్నవాడు తప్ప.